సర్వర్‌ను మార్చకండి, ముందు రెండు ఐపీ చిరునామాలు చూడండి

ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పాత కంప్యూటర్‌లో, పాటలను ఇంట్లోని ఇతర పరికరాలకు అందించే మినీడీఎల్ఎన్ఏ అనే సర్వర్ ప్రోగ్రామ్ పెట్టుకొని చాలాకాలంగా టీవీలో పాటలు వింటున్నారనీ, కొత్తగా కొన్న నెట్‌వర్క్ స్ట్రీమర్‌లో (నెట్‌వర్క్ ద్వారా పాటలు తెచ్చుకొని వినిపించే పెట్టెలో) ఇంటర్నెట్ రేడియో చక్కగా వస్తున్నా ఇంట్లోని సర్వర్ మాత్రం జాబితాలో కనిపించడం లేదనీ, ఇందుకోసం నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కు కలిపే నిల్వ పెట్టె) ఒకటి కొనాలా అనీ మీరు అడిగారు. కొనవలసిన అవసరం లేదని నా గట్టి నమ్మకం. మూడేళ్ల క్రితం నేనూ సరిగ్గా ఇదే చిక్కులో పడి, రెండు వారాల పాటు సర్వర్‌నే అనుమానించాను. దాన్ని రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. చివరికి తేలిందేమిటంటే, మా ఇంట్లో నాకు తెలియకుండానే రెండు వేర్వేరు నెట్‌వర్కులు నడుస్తున్నాయి.

ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టె మా కింది హాల్లో ఉంటుంది. దాని వైఫై మేడమీదికి అందక పైన మరో రౌటర్ పెట్టుకున్నాం. సర్వర్, టీవీ కింది పెట్టెకు కలిసి ఉండేవి. స్ట్రీమర్‌ను పై గదిలో కొత్త రౌటర్‌కు కలిపాను. ఒకరోజు రెండింటి సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ పేజీ తెరిచి చిరునామాలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాను: సర్వర్‌ది 192.168.1.34, స్ట్రీమర్‌ది 192.168.0.107. విడివిడిగా ఎన్నోసార్లు చూసినా పట్టుకోలేని తేడా, కాగితం మీద పెట్టగానే కనిపించింది. ఒకదానిలో మూడో సంఖ్య 1, రెండోదానిలో 0.

ఈ ఒక్క తేడా ఎందుకంత ముఖ్యమో చెబుతాను. డీఎల్ఎన్ఏ, అంటే ఇంట్లోని పరికరాలు పాటలు, వీడియోలు పంచుకునే పద్ధతిలో, స్ట్రీమర్‌కు సర్వర్ చిరునామాను మనం టైపు చేసి ఇవ్వము. స్ట్రీమరే 239.255.255.250 అనే ఉమ్మడి చిరునామాకు, యూడీపీ 1900 పోర్టు మీద, పాటల సర్వర్లు ఎవరైనా ఉన్నారా అని కేక వేస్తుంది. విన్న సర్వర్ తన ఆచూకీ చెబుతుంది. ఇళ్లలో వాడే రౌటర్లు ఈ కేకను ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి మామూలుగా దాటనివ్వవు. ఇంటర్నెట్ రేడియో వస్తోంది కదా, నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టే కదా అని నేను మోసపోయింది ఇక్కడే. రేడియో కోసం స్ట్రీమర్ చేసే విన్నపం మామూలుగా రెండు రౌటర్లనూ దాటి బయటికి పోతుంది. గోడకు అవతలే ఉన్న సర్వర్‌ను వెదికే కేక మాత్రం పై రౌటర్ దగ్గరే ఆగిపోతుంది.

మీ ఇంట్లోనూ ఆ మూడో సంఖ్య వేరుగా ఉంటే, రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (సొంత నెట్‌వర్క్ నడపకుండా, ఉన్న నెట్‌వర్క్‌నే అందించే అమరిక) ఉందేమో చూడండి. ఉంటే అది ఎంచుకుంటే చాలు. మా రౌటర్ పాతది కావడంతో ఆ మోడ్ లేదు. అందుకని మొదట దాని సొంత చిరునామాను కింది పెట్టె వరుసలోకి, అంటే 192.168.1.2కు మార్చాను, తర్వాత అందులోని డీహెచ్‌సీపీని (పరికరాలకు చిరునామాలు పంచే ఏర్పాటును) ఆపేశాను, చివరగా కింది నుంచి వచ్చే కేబుల్‌ను వ్యాన్ (ఇంటర్నెట్ వచ్చే) పోర్టులోంచి తీసి పక్కనే ఉన్న ల్యాన్ (ఇంటి పరికరాల) పోర్టులో పెట్టాను. ఈ వరుస తప్పకండి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ఆ రౌటర్ సెట్టింగ్స్‌లోకి మళ్లీ వెళ్లడానికి కష్టపడవలసి వస్తుంది. స్ట్రీమర్‌ను ఆపి మళ్లీ వేయగానే, రెండు వారాలు నన్ను ఏడిపించిన సర్వర్ పేరు తెర మీద ప్రత్యక్షమైంది. అదే రోజు కింది పెట్టెలో సర్వర్‌కు శాశ్వత చిరునామా కూడా కేటాయించాను.

రెండు చిరునామాలూ ఒకే వరుసలో ఉండి కూడా సర్వర్ కనిపించకపోతే, స్ట్రీమర్‌ను గెస్ట్ వైఫైకి కలిపారేమో చూసుకోండి. గెస్ట్ నెట్‌వర్క్ పనే ఇంట్లోని పరికరాలను అతిథుల కంట పడకుండా ఉంచడం. అదీ కాకపోతే, లేదా సర్వర్ పేరు కనిపించి లోపలి ఫోల్డర్లు మాత్రం తెరుచుకోకపోతే, ఉబుంటు ఫైర్‌వాల్‌ను చూడాలి. మినీడీఎల్ఎన్ఏ పాటలను అందించేది మామూలుగా టీసీపీ 8200 పోర్టు మీద కాబట్టి, 1900తో పాటు అదీ తెరిచి ఉండాలి. కాసేపు కనిపించి తర్వాత మాయమవుతుంటే, రౌటర్‌లోనో స్విచ్‌లోనో ఇలాంటి ఉమ్మడి కేకలు ఏ పరికరాలకు చేరాలో వడకట్టే ఐజీఎంపీ స్నూపింగ్ అనే అమరికను ఆపి చూడండి.

వేగం గురించి దిగులు పడకండి. సీడీ నాణ్యత గల సంగీతానికి, ఏ కుదింపూ లేకపోయినా, సెకనుకు 1,411 కిలోబిట్లే కావాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ట్యాగుల (ఫైలు లోపల రాసి ఉండే పాట, గాయకుడు, ఆల్బమ్ వివరాల) మీద. ఫైళ్లకు పెట్టిన పేర్లు ఎంత బాగున్నా స్ట్రీమర్‌లో గాయకుల జాబితా, ఆల్బమ్‌ల జాబితా తయారయ్యేది వాటి లోపలి ట్యాగుల నుంచే. మా నాన్నగారు ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి క్యాసెట్ల మీద పట్టుకున్న కచేరీలను నేను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు, ఒక కృతికి గాయకుడి పేరు, ఇంకోదానికి గాయకుడితో పాటు వయొలిన్, మృదంగం వాయించినవారి పేర్లు రాశాను. దానితో ఒకే కచేరీ స్ట్రీమర్‌లో నాలుగు ఆల్బమ్‌లుగా చీలిపోయింది. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో అన్నిటికీ ప్రధాన గాయకుడి పేరు ఒక్కటే, ఒకే రకంగా రాసి, పక్కవాద్యాల వివరాలను కామెంట్ గడిలోకి మార్చి, మినీడీఎల్ఎన్ఏ డేటాబేస్‌ను మొత్తం మళ్లీ కట్టించాక అది కుదురుకుంది.

తెలుగులో ట్యాగులు రాసుకున్నవారికి ఇంకో ఇబ్బంది ఉంది. పాత ఎంపీ3లలో ఉండే ఐడీ3 అనే ట్యాగు పద్ధతి మొదటి వెర్షన్ పాట పేరుకు 30 బైట్లే ఇస్తుంది. అక్షరాలను బైట్లుగా నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో 'కీర్తన' అనే మూడక్షరాల మాటకే 18 బైట్లు పోతాయి. అందువల్ల ఎంపీ3లన్నిటినీ ట్యాగ్ ఎడిటర్‌లో ఐడీ3 రెండో వెర్షన్‌కు మార్చండి. ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన) ఫైళ్లకు ఈ బాధ లేదు. ఇంత చేసినా తెర మీద అక్షరాల బదులు గడులు కనిపిస్తే, స్ట్రీమర్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం. అప్పుడు ఫోన్‌లో బబుల్‌యూపీఎన్‌పీ వంటి యాప్ పెట్టుకొని అక్కడి నుంచి పాటలు ఎంచుకోండి. పేర్లు ఫోన్‌లో తెలుగులోనే కనిపిస్తాయి, పాట స్ట్రీమర్‌లో మోగుతుంది. నాన్నగారు ఇప్పటికీ అలాగే వింటున్నారు.

కచేరీలు వినే అలవాటు మీకూ ఉంటే ఒక్కటి ముందే పరీక్షించుకోండి. రాగం, తానం, పల్లవి మూడు ఫైళ్లుగా ఉన్నప్పుడు, ఒకటి ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట మా స్ట్రీమర్ ఒక క్షణం మౌనంగా ఉండిపోయేది. తానం ఊపందుకొని పల్లవిలోకి దిగే చోట ఆ మౌనం ప్రాణం మీదికి వచ్చేది. తరువాతి ఫైలు చిరునామాను ముందుగానే అందుకునే ఏర్పాటు, డీఎల్ఎన్ఏకు ఆధారమైన యూపీఎన్‌పీలో తప్పనిసరి కాదు. స్ట్రీమర్, యాప్ రెండూ దాన్ని పాటిస్తేనే పాట తెగకుండా సాగుతుంది. ఫ్లాక్ ఫైళ్లతో పరీక్షించినా మాకు విరామం పోలేదు. అందుకని అదే కంప్యూటర్‌లో, అవే పాటల ఫోల్డర్ల మీద, లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే మరో పాటల సర్వర్ కూడా పెట్టి, స్పీకర్ల దగ్గర దాని పాటలు వినిపించే స్క్వీజ్‌లైట్ ప్రోగ్రామ్ నడిచే రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) ఒకటి ఉంచాను. ఇప్పుడు పల్లవి అందుకునే చోట తెగడం లేదు. మినీడీఎల్ఎన్ఏ టీవీ కోసం అలాగే నడుస్తోంది. రెండింటి పోర్టులు వేరు కాబట్టి పేచీ లేదు.

ముందు మీ సర్వర్, స్ట్రీమర్ల ఐపీ చిరునామాలు, ఇంట్లో ఎన్ని రౌటర్లు ఉన్నాయో, స్ట్రీమర్ దేనికి కలిసి ఉందో రాయండి. అవి చూసి ఏ కేబుల్ ఎటు మార్చాలో చెప్పగలను.