విదేశీ మూలికా క్యాప్సూల్స్ దిగుమతికి నిబంధనలు ఏమిటి?

ప్రశ్న: తిరుపతి గాంధీ రోడ్డులో మాకు ఆయుర్వేద మందుల దుకాణం ఉంది. పసుపు సారం, చేప నూనె క్యాప్సూల్స్ తయారుచేసే ఒక అమెరికా సంస్థ, తమది ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన సరుకు కనుక భారత్‌లో వేరే అనుమతి అక్కర్లేదని చెబుతోంది. నేరుగా తెప్పించి అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ మాట నమ్మి అడ్వాన్సు పంపకండి. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లను అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ ఆమోదించదు. అక్కడ నమోదయ్యేది తయారీ కేంద్రమే తప్ప సీసాలోని సరుకు కాదు. అది ఎలా ఉన్నా, మన దేశంలోకి అమ్మకానికి వచ్చే సరుకుకు 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, దాని కింద 2017లో వచ్చిన దిగుమతి నిబంధనలు వర్తిస్తాయి. మీ పేరిట కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఇచ్చే దిగుమతి–ఎగుమతి కోడ్, దిగుమతిదారుగా మన ఆహార భద్రత నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కేంద్ర లైసెన్సు ఉండాలి. న్యూట్రాస్యూటికల్స్ (ఇలాంటి పోషక సప్లిమెంట్లు) తయారుచేసే విదేశీ కేంద్రాలు కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ వద్ద నమోదు కావాలని 2022లో ఉత్తర్వు వెలువడింది కనుక, ఆ నమోదు ఉందో లేదో ఆ సంస్థనే రాతపూర్వకంగా అడగండి.

అసలు చిక్కంతా లేబుల్‌ దగ్గరే వస్తుంది. ‘షుగర్‌ను తగ్గిస్తుంది’, ‘కీళ్లవాతాన్ని నయం చేస్తుంది’ వంటి మాట ఒక్కటి ఉన్నా అది ఆహారంగా చెల్లదు. మందుగా తేవాలంటే 1940 ఔషధాల చట్టం కింద నడిచే వ్యవహారం వేరు, అది చిన్న దుకాణానికి మోయరాని భారం. ఆహారంగా వచ్చే సీసాపై ‘హెల్త్ సప్లిమెంట్’ వంటి వర్గం పేరు, అది వైద్య ఉపయోగానికి కాదన్న హెచ్చరిక, రోజుకు ఎంత వాడాలన్న సూచన తప్పక ఉండాలి. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ లోగో, లైసెన్సు నంబరు, శాకాహార–మాంసాహార గుర్తు లేకపోతే కస్టమ్స్ గోదాములోనే ఊడిరాని స్టిక్కరుతో సరిచేసుకోనిస్తారు. తయారీ తేదీ, గడువు, బ్యాచ్ నంబరు, దినుసుల వివరాలు లేకపోతే మాత్రం ఆ వెసులుబాటు లేదు. చేప నూనె సంగతి సరే, పసుపు క్యాప్సూల్‌ పైతొడుగు జంతు జెలటిన్‌తో చేసిందైతే దానికీ గోధుమ రంగు త్రికోణం వేయాల్సిందే. తిరుపతిలో కొనేవారు ఆ గుర్తును ఎంత శ్రద్ధగా చూస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు, కాబట్టి మొక్కల నుంచి తీసిన తొడుగు ఉందేమో ముందే అడగండి.

సరుకు చెన్నై రేవుకు చేరాక అధికారులు పత్రాలు, లేబుల్ చూసి, అవసరమైతే రెండు నమూనాలు తీసి ఒకటి పరీక్షకు పంపుతారు. ఫలితం వచ్చేదాకా గోదాము అద్దె మీదే. మొత్తం నిల్వ కాలంలో 60 శాతం, లేదా గడువుకు 3 నెలలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే కనీసం అంత కాలమైనా అప్పటికి మిగిలి ఉండాలి. రెండేళ్ల నిల్వ ఉన్న సీసాకు మూడు నెలలు చాలు. అయినా అంత తక్కువ గడువుతో వచ్చిన సరుకు దుకాణంలో ఎప్పటికి అమ్ముడుపోతుంది? డబ్బు కట్టకముందే లేబుల్ నమూనాను, ఆ బ్యాచ్ విశ్లేషణ పత్రాన్ని తెప్పించుకుని కస్టమ్స్ ఏజెంటుకు చూపించండి.

ప్రశ్న: మా అల్లుడు అమెరికా నుంచి వస్తూ నాకోసం రెండు సీసాల చేప నూనె క్యాప్సూల్స్ తెస్తానంటున్నాడు. దానికీ లైసెన్సు కావాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదమ్మా. సొంత వాడకానికి తెచ్చుకునే ఆహార పదార్థాలకు ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి అవసరం లేదు. లేబుల్ చింపకుండా అసలు సీసాల్లోనే తెమ్మనండి. వాటిని అమ్మడానికి మాత్రం వీల్లేదు.