బాపును అడవికి పంపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాపుకు 63 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి ఈ మధ్యే మానేశాడు. బీపీ ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఊరికే టెన్షన్ పడతాడు. మొన్న దసరాకు ములుగు అడవుల్లో తాడ్వాయి దగ్గర మా మేనత్త వాళ్లింట్లో నాలుగు రోజులుంటే తెల్లారేదాకా హాయిగా నిద్రపోయాడట. ఇప్పుడు రెండు నెలలు అక్కడే ఉంటానని, అడవి గాలి తగిలితే బీపీ మాత్రలు కూడా అక్కర్లేదని అంటున్నాడు. పంపొచ్చా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పంపండమ్మా. మాత్రల డబ్బా కూడా సంచిలో పెట్టి పంపండి.

ఏటూరునాగారం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. వరంగల్ నుంచి వెళ్లిన కొత్తలో నాకూ అలాగే నిద్ర పట్టేది. లారీ హారన్లు లేవు, వీధి దీపాలు లేవు. ఇప్పపూల కాలంలో తెల్లవారుజామున మెలకువ వస్తే, ఎండుటాకుల మీద పూలు ఒక్కొక్కటిగా రాలుతున్న చప్పుడు వినిపించేది. మిర్చి ఘాటులో, బేరాల కేకల మధ్య ముప్పై ఏళ్లు గడిపిన మనిషికి అక్కడ కంటి నిండా నిద్ర పట్టిందంటే నమ్ముతాను.

జపాన్ అటవీ శాఖ 1982లోనే ‘అడవి స్నానం’ అని పేరు పెట్టి, చెట్ల మధ్య తీరిగ్గా నడవమని జనానికి చెప్పింది. తర్వాత అక్కడి పరిశోధకులు కొలిచి చూస్తే, పట్నం వీధుల్లో కంటే అడవిలో నాడి వేగం, బీపీ, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తక్కువగా ఉన్నాయి. 1984లో అచ్చయిన అమెరికా అధ్యయనం ఒకటి నాకు ఇంకా ఇష్టం. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే ముందే ఇంటికి వెళ్లారు. ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువే వాడారు. అది చదివాక మా వార్డులో మంచాలను వేపచెట్టు వైపు తిప్పించాను.

అయితే అడవిలో బీపీ తగ్గడం మాత్రకు బదులు కాదు. మాత్రలు మానేస్తే బీపీ పెరిగి పక్షవాతం దాకా రావచ్చు. వారానికోసారి ఊరికి వచ్చే నర్సు (ఏఎన్ఎం) దగ్గర బీపీ చూపించుకుని రాయించుకోమనండి. నిజంగా తగ్గుతూ ఉంటే డోసు సంగతి మీ డాక్టరే చూసుకుంటారు.

నా భయం వేరే ఉంది. ఒక వానాకాలం చివర్లో, కట్టెల కోసం అడవికి పోయి వచ్చిన పెద్దాయన పది రోజుల జ్వరంతో మా దగ్గరికి వచ్చాడు. అప్పటికే ఒకచోట టైఫాయిడ్ అని సూదులు వేశారు. బట్ట తప్పించి చూస్తే మొలతాడు కింద బీడీతో కాల్చినట్టు నల్లని పక్కు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఆయనా గమనించలేదు. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. డాక్సీసైక్లిన్ ఇస్తే రెండు రోజుల్లో జ్వరం దిగింది. చాలా చవక మాత్ర అది! ఎక్కడికి పోయి వచ్చావని ఎవరూ అడగనందుకు ఆయన పది రోజులు మంచాన పడ్డాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మలేరియా సంగతి మీ మేనత్తకు నాకంటే బాగా తెలుసు. దోమతెర తప్పనిసరి. గడ్డి మీద నడుం వాల్చొద్దు. తిరిగొచ్చాక స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. ఊరివాళ్లు తోడుంటేనే లోపలికి వెళ్లాలి. 2024 ఆగస్టు 31 గాలివానకు ఆ అడవిలో వేల చెట్లు ఒక్కపూటలో కూలిపోయాయి. ఆ చోటు చూసి నాకు గుండె బరువెక్కింది, బాపుకూ చూపించమనండి.

ఇంటికి వచ్చాక రెండు వారాల్లో జ్వరం వచ్చినా, కొన్ని నెలలకు వచ్చినా, డాక్టర్ అడగకపోయినా సరే, ‘తాడ్వాయి అడవిలో ఉండి వచ్చిన’ అని ముందే చెప్పమనండి.