ట్రాఫిక్‌లో వేడెక్కే కారుకు ముందు చూడాల్సింది ఫ్యాన్

ప్రశ్న: మా పెట్రోల్ కారు గుంటూరు నుంచి హైవే మీద వస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. వారధి దాటి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగామంటే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది, ఏసీ చల్లదనమూ తగ్గుతోంది. రేడియేటర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తొందరపడకండి. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ ఒక్కటే చేయాలి. ఏసీ గ్యాసును చల్లార్చే కండెన్సర్ ఉండేది రేడియేటర్ ముందే, దానికీ ఆ గాలే ఆధారం. ముల్లు లేవడం, ఏసీ తగ్గడం రెండూ ఒకేసారి జరుగుతున్నాయంటే అనుమానం ముందు ఫ్యాన్ మీదికే పోవాలి.

పరీక్ష సులువు. బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. చేతులు, చున్నీలు దూరంగా ఉంచండి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు అందించే స్విచ్చు) చూడండి. ఫ్యూజుల పెట్టెలో అదే నంబరున్న వేరే రిలే ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు. కనెక్టర్ కాలి నల్లబడిందేమో గమనించండి. ఆపైన మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇప్పించండి. అప్పుడు తిరిగితే లోపం సెన్సరులోనో వైరింగులోనో ఉంది. తిరగకపోయినా, నీరసంగా తిరిగినా మోటారు పోయింది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగినా గాలి రేడియేటర్ గుండా రాదు. దాన్ని తీసి పక్కన పడేసిన బండ్లు చాలానే కనిపిస్తాయి.

ఫ్యాన్ బాగుంటే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చి వేసి చూడండి. దుమ్ము, పురుగులు, మన వైపు పత్తి నూగు అక్కడే పేరుకుంటాయి. ఇంజన్ చల్లారాక, లోపలి వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో కడిగించండి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నని రేకులు వంగిపోతాయి. ఇవన్నీ చూశాకే రేడియేటర్ మాట. హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా వేడెక్కితే మాత్రం లోపల పూడిన రేడియేటర్, తెరుచుకోని థర్మోస్టాట్ (రేడియేటర్‌కు కూలెంటు వదిలే వాల్వు), అరిగిన వాటర్ పంపు వరసగా చూడాల్సిందే.

ఈలోగా రోడ్డు మీద ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ పెంచండి. కొంత వేడి క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. అయినా దిగకపోయినా, ఆవిరి కనబడినా పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. కనీసం అరగంట బానెట్ లోపల ఏదీ ముట్టుకోవద్దు. వేడి మీద రేడియేటర్ క్యాప్ తీస్తే మరిగే ద్రవం మొహం మీదికి చిమ్ముతుంది. కాలుతున్న ఇంజన్ మీద చల్లనీళ్లు గుమ్మరిస్తే హెడ్ (ఇంజన్ పైభాగం) పగలొచ్చు.

ప్రశ్న: మనకు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ బదులు బోరు నీళ్లు చాలవా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: చాలవు. బోరు నీళ్లలోని లవణాలు సన్నని గొట్టాల్లో పొరలా కడతాయి, లోహం తుప్పు పడుతుంది. మామూలు నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది. సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే, క్యాప్ నిలిపే ఒత్తిడితో కలిసి మరిగే స్థాయి సుమారు 125 డిగ్రీలు దాటుతుంది. అందుకే క్యాప్ రబ్బరు వదులైతే నిండా కూలెంటున్నా బండి పొంగుతుంది. 5 లీటర్లు పట్టే బండికి రెండున్నర, రెండున్నర. ముందే కలిపి అమ్మేదైతే నీళ్లు చేర్చొద్దు. రంగు ఒకటేనని వేర్వేరు రకాలు కలపకండి, మాన్యువల్‌లో రాసిన రకమే పోయండి. పాత కూలెంటు విషం, తియ్యగా ఉంటుంది. వీధి కుక్కలు తాగేలా కాలువలో పోయనివ్వకండి.

ప్రశ్న: కింద చుక్క పడదు, కూలెంటు మాత్రం తగ్గుతోంది.
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా, తీపి వాసనతో ఉంటే హీటర్ కాయిల్ కారుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకపోయినా, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారినా, కూలెంటులో బుడగలు ఆగకుండా వస్తున్నా హెడ్ గ్యాస్కెట్‌ను (హెడ్‌కూ కింది ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. అప్పుడు బండి నడపకండి, ఆటోనగర్‌కు లాగించుకునే వెళ్లండి. ఈ గుర్తులేవీ లేకపోతే చల్లటి ఇంజన్ మీద ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి లీకు వెతకడం) చేయించండి.