దెయ్యం సినిమా తీయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ స్క్రిప్టు చదివాను. ఎనిమిది నిమిషాల్లో పాడుబడ్డ బంగళా, నలుగురు స్నేహితులు, తెల్లచీర, గజ్జెల చప్పుడు, మంత్రగాడు, ఫ్లాష్‌బ్యాకు, ఆఖర్న ‘ఇదంతా కల’ అన్న మలుపు. ముందు ఆ కల తీసెయ్. అది కొత్తదనం కాదు. అప్పటిదాకా చూసినవాళ్లు పడ్డ భయాన్ని వెనక్కి లాక్కోవడం.

పాత పద్ధతులంటే చిన్నచూపు వద్దు. గజ్జెలు మోగితే చాలు, సంగతేమిటో మనవాళ్లకు తెలిసిపోతుంది. ఉపోద్ఘాతం ఖర్చు నీకు తప్పుతుంది. అయితే అన్నిటినీ తలకిందులు చేస్తే ఏదీ తలకిందులైనట్టు అనిపించదు. ఒక్కదాన్నే ఎంచుకో. దాన్ని రెండుసార్లు బుద్ధిగా పాటించి, మూడోసారి తప్పించు. ఆ తప్పించడానికి కారణం మాత్రం కథలోంచే రావాలి. దెయ్యాలే మనుషులకు జడుసుకోవడం 2017లోనే ‘ఆనందో బ్రహ్మ’లో వచ్చేసింది, పైగా అది నవ్వించడానికి. ఆ దారి నీకు వద్దు.

రాత్రిపూట తలుపు తట్టే దెయ్యం చదివి వెనక్కి పోతుందని మన ఊళ్లలో ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు కదా, దాన్ని తీసుకో. మొదటి రాత్రి తలుపు చప్పుడవుతుంది. లోపలి పిల్ల పలకదు. బయట రాత ఉంది కాబట్టి అడుగులు వెనక్కి మళ్లుతాయి. రెండో రాత్రి మళ్లీ చప్పుడు, ఈసారి చనిపోయిన అమ్మ గొంతు. పిల్ల నోరు నొక్కుకుని కూర్చుంటుంది. ఇక్కడిదాకా పాత దారే. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ పిల్ల బకెట్టు నీళ్లు తెచ్చి ఆ రాత కడిగేస్తుంది. పారిపోవలసిన పిల్లే దెయ్యాన్ని పిలుస్తోంది, అదీ పట్టపగలు. ఇది పండాలంటే దండ వేసిన అమ్మ ఫోటో మొదటి నిమిషంలోనే ఫ్రేములో ఎక్కడో ఉండాలి. దాని మీద క్లోజప్ వేయకు. వేశావో, గుట్టు బయటపడుతుంది.

ఆ కడిగే షాట్ దగ్గరే ఎక్కువ తంటా. ఎనామిల్ పెయింటుతో రాస్తే నీళ్లకు పోదు, సుద్దముక్కతో రాయండి. తడిసిన చెక్క మీద సుద్ద పట్టదు, రెండో టేకుకి తలుపు పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తిరిగి రాస్తే అక్షరాల వంపు మారిపోతుంది. కాబట్టి రాత కనిపించే షాట్లన్నీ ముందు ముగించి, కడగడం ఆఖర్న పెట్టుకో. దాన్ని రెండు ఫోన్లతో ఒకేసారి తీయి. మళ్లీ రాయాల్సి వస్తే చూసుకోవడానికి, రాసిన వెంటనే ఎదురుగా నిలబడి ఫోటో తీసి పెట్టుకో.

ఇక శబ్దం. నీ సినిమాలో భయమంతా ఇందులోనే ఉంది. షూటింగప్పుడు ఫ్యాను ఆపెయ్. ఫ్యాను చప్పుడు ఒక నిమిషం విడిగా రికార్డు చేసి ఎడిటింగులో కింద పరుచు. రెండో రాత్రి చప్పుడుకు రెండు సెకన్ల ముందు ఆ ట్రాకు తీసెయ్, గది ఊపిరి బిగబట్టినట్టవుతుంది. మాటలతో కలిపి ఫ్యానూ రికార్డయితే ఈ పని చేయలేవు. మాటలు అన్నిటికన్నా గట్టిగా వినిపించే చోట్లను ఎడిటింగ్ మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచితే తలుపు దెబ్బకు మైనస్ 3 దాకా చోటుంటుంది. అన్నీ గట్టిగా ఉంటే ఏదీ ఉలిక్కిపడేలా చేయదు. లోతైన గుమ్మన్న శబ్దాలను నమ్ముకోకు, ఫోను స్పీకర్లో అవి దాదాపు వినిపించవు. గొళ్లెం కదలిక, గోరుతో చెక్క గీరడం లాంటివి ఎందులోనైనా వినిపిస్తాయి.

చీకటిని చీకట్లో తీయకూడదు. చాలినంత వెలుగులో తీసి ఎడిటింగులో తగ్గించాలి. వెలుగు చాలక ఐఎస్ఓ (వెలుగును పట్టే కెమెరా సున్నితత్వం) పెంచితే నలుపంతా గింజలు గింజలుగా మరుగుతుంది. కిటికీ బయట ఒక తెల్లటి ఎల్ఈడీ లైటు పెట్టి, వైట్ బ్యాలెన్సు (కెమెరాలో రంగుల సర్దుబాటు) 3200 కెల్విన్లకు దించితే వెన్నెల నీలం వస్తుంది. మొహంలో ఒక పక్కయినా కనిపించాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు వేగం సెకనులో 50వ వంతు పెట్టు. లేకపోతే ట్యూబులైటు కింద చారలు పాకవచ్చు. ఫోనులో ఎక్స్‌పోజర్ లాక్ చేయడం మరిచిపోకు, చేయకపోతే చీకటి పడగానే అదే వెలుగు పెంచేస్తుంది.

తలుపు చప్పుడయ్యాక తలుపును చూపించకు. పిల్ల మొహం మీదే నాలుగైదు సెకన్లు ఉండు. ఆమె భుజం పక్కన ఖాళీ వదిలితే అందరి కళ్లూ అక్కడికే పోతాయి. అక్కడ ఏమీ రానివ్వకు, రెండు రాత్రులూ. దెయ్యాన్ని చూపించి తీరాలనిపిస్తే తలుపు కింది సందులో పాదాల నీడ, అదీ ఒక్క సెకను. జనం అక్కరలేని చోట నవ్వేది దాదాపు ఎప్పుడూ దెయ్యాన్ని ఎక్కువసేపు చూపినప్పుడే.

రాత్రిపూట తలుపులు బాదబోతున్నారని ఇరుగుపొరుగుకూ వాచ్‌మన్‌కూ ముందే చెప్పండి.

రఫ్ కట్‌ను, అంటే తొలి కూర్పును, కథ తెలియని ఐదుగురికి వేసి చూపించు. నువ్వు తెర వైపు కాకుండా వాళ్ల మొహాల వైపు చూడు. ఎవరైనా ఫోను తీసిన చోటు రాసుకో, అక్కడ కత్తెర వేయాలి. నాకు పంపేటప్పుడు సంగీతం వేయకుండా పంపు. వేశాక తప్పులు దాని వెనక దాక్కుంటాయి.

ఉంటాను,
బాబాయ్