కొలెస్ట్రాల్ మాత్ర పని వేరు, గుండె లయ మాత్ర పని వేరు

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

తమ్ముణ్ణి నెల్లూరు నుంచి చెన్నైకి బైపాస్ కోసం తీసుకువస్తున్నారు కదా, ఈలోపు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పకుండా కొలెస్ట్రాల్ మాత్ర పెద్ద డోసులో వేయించమని ఎవరో చెప్పారన్నావు. ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. 2006లో ఇటలీలో 200 మందిని పరీక్షించినప్పుడు, ఆపరేషన్‌కు వారం ముందు నుంచి అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర 40 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో లయ తప్పడం బాగా తగ్గింది. గుండె వార్డు నర్సులం మేమూ ఎంతో ఆశపడ్డాం. కానీ చైనాలో 1,922 మందిలో సగం మందికి అదే జాతి మాత్ర రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే తేడా లేదు. రెండు వైపులా అయిదుగురిలో ఒకరికి లయ తప్పింది. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో మూత్రపిండాలు దెబ్బతినడం మాత్ర వేసుకున్నవారిలోనే కాస్త ఎక్కువ. తమ్ముడికి షుగరు ఉంది, మూత్రపిండాలను అసలే జాగ్రత్తగా చూసుకోవాలి. అడిగి మరీ డోసు పెంచుకోవద్దు.

అలాగని ఇప్పుడు వేసుకుంటున్నది మానిపించవద్దు. కొత్తగా వేసిన రక్తనాళాలు మళ్లీ పూడుకుపోకుండా ఉండాలంటే అది ఏళ్ల తరబడి కావాలి. ఆపరేషన్ అయిపోయింది కదా అని మానేసేవారిని చూస్తే నాకు ప్రాణం విలవిలలాడుతుంది. కండరాల నొప్పులొస్తే డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపవద్దు.

లయ కోసం నువ్వు అడగవలసింది బీటా బ్లాకర్ గురించి, అంటే గుండె వేగాన్ని తగ్గించే మందు గురించి. తమ్ముడు వాడే మెటోప్రొలాల్ ఆ రకం మందే. ఆపరేషన్ రోజు ఉదయం వేయాలా, తర్వాత మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారు అని ముందే అడుగు. హఠాత్తుగా ఆగితే లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. లయను సరిచేసే ఇంకో మందు అమియోడరోన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్లే చూసుకుంటారు.

లయ తప్పడం ఎక్కువగా ఆపరేషన్ తర్వాత రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కనిపిస్తుంది. దడ, ఆయాసం, కళ్లు తిరగడం ఏది అనిపించినా వెంటనే నర్సుకు చెప్పమను. మొహమాటపడే మనిషి, దగ్గరుండి నువ్వే అడుగుతూ ఉండు. చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా మందు రాస్తే మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు, పక్షవాతం రాకుండా కాపాడేది అదే.

ఇంకొకటి. నెల్లూరులో కొన్న మాత్ర, ఇక్కడ రాసినది పేర్లు వేరైనా మందు ఒకటే కావచ్చు. రెండూ వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. పాత అట్టలన్నీ సంచిలో వేసుకుని రా. డిశ్చార్జి కాగితం ఇవ్వగానే ఫోనులో ఫొటో పంపు, ఒక్కో మందూ చూసి చెబుతాను.

మీ అత్తయ్య