నా ఆపరేషన్‌కి ఆయన సంతకం కావాలా?

ప్రశ్న: నా వయసు 39. పెళ్లయి 14 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 37. ఐదేళ్లుగా షుగర్ ఉంది, మందులు ఎన్ని మార్చినా అదుపులోకి రావడం లేదు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని రాత్రిళ్లు మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాను. డైటింగ్, వాకింగ్, జిమ్ అన్నీ అయ్యాయి. తగ్గినంతా మళ్లీ పెరిగింది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోమని డాక్టర్ రాసిచ్చారు. మావారు ససేమిరా అంటున్నారు. 'నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా' అని దెప్పుతున్నారు. ఆసుపత్రిలో భర్త సంతకం కావాలన్నారు, ఈయన పెట్టనన్నారు. ఇన్సూరెన్స్ ఆయన కంపెనీ ఇచ్చినదే. కాదని చేయించుకుంటే విడాకులిస్తానని, పిల్లల్ని నా దగ్గర ఉండనివ్వనని అంటున్నారు. నేనేం చేయాలి?
– పేరు వద్దన్న ఒక సోదరి

జవాబు: చేయించుకోవచ్చమ్మా. ఆయన సంతకం లేకుండానే చేయించుకోవచ్చు. 18 ఏళ్లు నిండి, మంచీచెడ్డా తెలుసుకోగల మనిషి ఒంటికి చేసే వైద్యానికి ఆ మనిషి ఒప్పుకోలే కావాలి. పెళ్లి అయినంత మాత్రాన ఆ ఒప్పుకోలు భర్త చేతికి వెళ్లదు.

ఈ మాటకు సుప్రీంకోర్టు తీర్పే ఆధారం. సమీరా కోహ్లీ కేసు, 2008 జనవరి. ఆమె 44 ఏళ్ల అవివాహిత. పరీక్ష కోసం మత్తు ఇచ్చి లాపరోస్కోపీ (చిన్న గాటు పెట్టి గొట్టంతో కడుపు లోపల చూడటం) చేస్తుండగా, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తల్లి ఒప్పుకుంది కదా అని డాక్టర్ వాదన. కోర్టు దాన్ని కొట్టేసింది. రోగి మేజర్, మత్తు దిగాక తన సంగతి తానే చెప్పగలదు, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరమూ కాదు, కాబట్టి తల్లి సంతకం చెల్లదంది. కన్నతల్లి సంతకానికే ఆ విలువ లేనప్పుడు, మీరు స్పృహలో ఉండి 'సరే' అన్నాక మీవారి 'వద్దు'కు చట్టం ముందు బలమెక్కడిది?

మరి ఆసుపత్రి వాళ్లు ఎందుకు అడిగారు? వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. ఆపరేషన్‌కు ముందు భర్త లేదా భార్య, మైనర్ అయితే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, లేదా రోగి స్వయంగా, సందర్భాన్ని బట్టి రాతపూర్వకంగా ఒప్పుకోవాలని. అందరినీ ఒకే గాటన కట్టి రాసిన వాక్యం అది, చదివినవాళ్లకు చదివినట్టు అర్థమవుతుంది. దాని వెంటనే ఇంకో మాట ఉంది: పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్ అయితే భార్యాభర్తలిద్దరి సంతకాలూ కావాలి. అంటే ఇద్దరూ తప్పనిసరి అని చెప్పింది ఆ ఒక్క సందర్భానికే. మీ ఆపరేషన్ జీర్ణాశయానికి, గర్భసంచికి కాదు. పైగా బరువు తగ్గాక గర్భం నిలిచే అవకాశం పెరిగేవాళ్లే ఎక్కువ. ఏడాది, ఏడాదిన్నర పాటు గర్భం వద్దని మాత్రం డాక్టర్లు చెబుతారు. ఆ విషయం మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిందే. కానీ అది సంసారంలో మాట, కన్సెంట్ ఫారం మీద మాట కాదు.

ఇందులో ఒక చిక్కుంది, దాచను. ఇది ఇవాళ చేయకపోతే రేపు ప్రాణం పోయే ఆపరేషన్ కాదు, ముందే తేదీ పెట్టుకుని చేసేది. కాబట్టి ఇంట్లో గొడవ ఉందని తెలిస్తే ఒక ప్రైవేటు సర్జన్ 'నాకెందుకొచ్చిన తలనొప్పి' అని తప్పుకోవచ్చు. ఆయన చేత బలవంతంగా కత్తి పట్టించలేం. ఇంకో ఆసుపత్రి చూసుకోవడమే మేలు. చాలాచోట్ల భర్త సంతకం అడిగేది చట్టం కోసం కాదు, రేపు బంధువులు వచ్చి గోల చేయకుండా. ఆ భయం తీర్చే కాగితం మీరే ఇస్తే సగం పని అయిపోతుంది. అదేమిటో చివర్లో చెబుతాను.

అన్నట్టు, ఇదే పేజీకి ఆ మధ్య తలకిందుల ఉత్తరం ఒకటి వచ్చింది. భర్తే 'లావైపోయావు, ఆపరేషన్ చేయించుకో' అని వెంటపడుతున్నాడట, భార్యకు ఇష్టం లేదు. ఆమెకూ ఇదే సూత్రం చెప్పాను. ఎవరి ఒంటికి వాళ్లదే సంతకం.

ఇక విడాకుల బెదిరింపు. మీ పెళ్లి హిందూ వివాహ చట్టం కిందదైతే ఆయనకు దొరికే దారి 'క్రూరత్వం' అనే కారణం ఒక్కటే. 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి కొన్ని ఉదాహరణలు చెప్పింది. వైద్య కారణం లేకుండా, రెండోవారికి తెలియకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవడం, గర్భం తీయించుకోవడం అందులో ఉన్నాయి. మీవారి లాయర్ దీన్ని ఎత్తుకోవచ్చు. కానీ ఆ ఉదాహరణలో రెండు ముక్కలు గమనించండి: వైద్య కారణం లేకపోవడం, చెప్పకపోవడం. మీకు కారణం ఉంది. చెప్పడం మీ చేతిలో ఉంది. అందుకని పుట్టింటికి వెళ్తున్నానని అబద్ధమాడి ఆసుపత్రిలో చేరకండి. దాచడం నేరం కాదు గానీ, రేపు కోర్టులో ఆయనకు ఆయుధం మీరే ఇచ్చినట్టవుతుంది. ఫలానా తేదీన, ఫలానా కారణంతో ఆపరేషన్ చేయించుకుంటున్నాను, డాక్టర్‌తో మాట్లాడటానికి మీరూ రండి అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. మర్యాదగా, పొట్టిగా. పాత గొడవలు అందులోకి లాగొద్దు.

పిల్లల సంగతికి భయపడకండి. కస్టడీ కేసులో కోర్టు చూసేది పిల్లల మేలు. తల్లి తన షుగర్ తగ్గించుకోవడానికి వైద్యం చేయించుకుంది అన్నది ఆమెకు వ్యతిరేకంగా నిలిచే పాయింట్ కాదు.

నిజంగా మీకు అడ్డం పడేది ఇన్సూరెన్స్. ఊబకాయం ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా ఎప్పుడు వర్తిస్తుందో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణిక షరతులు పెట్టింది. డాక్టర్ సలహా ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. లేదంటే 35 లేదా అంతకు మించి ఉండి, దానితో పాటు గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్ 2 షుగర్ లాంటి తీవ్ర సమస్య ఏదో ఒకటి ఉండాలి. తేలిక మార్గాలు ప్రయత్నించి విఫలమై ఉండాలి. మీది 37 కాబట్టి బరువు ఒక్కటే చాలదు, ఆ రెండో సమస్య కాగితం మీద కనిపించాలి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టులు, స్లీప్ స్టడీ, పాత డైట్ చార్టులు, జిమ్ రసీదులు కూడా ఒక ఫైల్లో పెట్టండి. 'అందం కోసం కోయించుకుంది' అని కోర్టులో అన్నా జవాబు చెప్పేది ఆ ఫైలే.

కంపెనీ గ్రూప్ పాలసీకి దాని సొంత షరతులుంటాయి. మీ పేరు డిపెండెంట్‌గా ఉంటే ఈ-కార్డు నంబరుతో ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లే టీపీఏకి (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకు) ముందస్తు అనుమతి కోసం పంపిస్తారు. ఆ కార్డు సంపాదించుకోండి. క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా బీమా వాళ్లే కట్టడం) కుదరక మీరు డబ్బు కట్టి తర్వాత క్లెయిమ్ చేస్తే మాత్రం అది సాధారణంగా ఉద్యోగి ద్వారానే, అంటే ఆయన ద్వారానే నడుస్తుంది. అక్కడ ఇరుక్కుంటారు. వేరే పాలసీ తీసుకుందామా అంటే, పాత జబ్బులకు 36 నెలల దాకా వెయిటింగ్ ఉండొచ్చు.

డబ్బు ఆపేసి, వైద్యం అందకుండా చేసి, రోజూ ఒంటి మీద హేళన చేస్తుంటే దానికి 2005 నాటి గృహహింస చట్టం ఉంది. కొట్టడమే కాదు, ఆరోగ్యానికి హాని చేయడం, మాటలతో అవమానించడం, ఆర్థికంగా కట్టడి చేయడం కూడా అందులో హింసే. సెక్షన్ 20 కింద వైద్య ఖర్చులు ఇప్పించమని మేజిస్ట్రేట్‌ను అడగవచ్చు. అయినా మొదటి అడుగు అది కావద్దనే నా సలహా. మీ ఉత్తరంలో ఎక్కడా ఆయనతో ఉండలేనని రాయలేదు మీరు. కేసు వేశాక వెనక్కి రావడం కష్టం.

నాకు ఆయన మీద ఒక అనుమానం ఉంది. కడుపు కోస్తారంటే ఆయనకే భయమేమో. ఆ భయాన్ని వెటకారంగా బయటపెట్టే మగవాళ్లను చాలామందిని చూశాను. సమీరా కోహ్లీ తీర్పే ఇంకో మాట చెప్పింది: ఆపరేషన్ ఏమిటి, లాభమేమిటి, రిస్కులేమిటి, వేరే దారులున్నాయా అన్నది డాక్టర్ రోగికి వివరించాలి. ఆ వివరణ జరిగే రోజు ఆయన్నీ తీసుకెళ్లండి. ప్రశ్నలన్నీ ఆయన్నే అడగనివ్వండి. రానంటే మీరొక్కరే వెళ్లండి. మీ వెనక ఆయన ఫోన్ చేసి రిపోర్టులు అడిగినా, మీ అనుమతి లేకుండా డాక్టర్ చెప్పకూడదు. రోగి రహస్యం కాపాడటం కూడా ఆ 2002 నిబంధనల్లోనే ఉంది.

ఇక నేను చెప్పిన కాగితం. మెడికల్ సూపరింటెండెంట్ పేరున ఒక ఉత్తరం రాయండి. నా వయసు ఇంత, ఆపరేషన్ గురించి డాక్టర్ వివరించారు, నాకు అర్థమైంది, నా ఇష్టంతో ఒప్పుకుంటున్నాను, నా భర్త సంతకం పెట్టడం లేదు, అది నాకు తెలిసే ముందుకు వెళ్తున్నాను. ఆపరేషన్ సమయంలో కబురు చేయడానికి, అటెండెంట్‌గా ఉండటానికి మీ అక్కో తమ్ముడో ఎవరో ఒకరి పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి. ప్రాణం మీదికి వస్తే అవసరమైనది చేయడానికి డాక్టర్‌కు ఎవరి సంతకమూ అక్కర్లేదు, అది వేరే విషయం. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ప్రతి ఇంట్లో పెట్టకండి, అటెండెంట్‌గా వచ్చేవాళ్ల దగ్గర ఉంచండి.