బిడ్డా, ఓటీపీ దగ్గర తొందరపెట్టకు

బిడ్డా,

పెద్దవాళ్లు మందులు మరిచిపోకుండా నువ్వు యాప్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మస్తు సంతోషమైంది, అంతకంటే ఎక్కువ టెన్షన్ పట్టుకుంది. హన్మకొండలో ఇన్నేళ్లు బ్యాంకు కౌంటర్ దగ్గర కూర్చున్నవాణ్ని కదా, పెద్దవాళ్లు ఎక్కడ ఆగిపోతారో నాకు తెలుసు.

అక్షరాలు పెద్దగా ఉండాలని నీకు నేను చెప్పాలా? బటన్ 48 డీపీకి (స్క్రీన్ మీద సైజుకు వాడే కొలత) తగ్గొద్దని ఆండ్రాయిడ్ వాళ్లే చెబుతారు. కంటి కటకం వయసుతో పసుపెక్కుతుంది, నీలానికీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు, అందుకని నీలం మీద ఆకుపచ్చ అక్షరాలు పెట్టకు. ఇంకొకటి, ఇంగ్లీషు కొలతకు గీసిన బటన్లో తెలుగు ఇరికిస్తే "రద్దు" కింద వత్తు తెగిపోతుంది. లైన్ల మధ్య జాగా వదులు.

అసలు సంగతి మీ అమ్మమ్మది. ఒక ఆసుపత్రి యాప్‌లో అపాయింట్‌మెంట్ కోసం పేరు, వయసు, ఫోన్ నంబరు అన్నీ ఓపికగా కొట్టింది. వేలు ఎండిపోయి ఉంటుందా, స్క్రీన్ పట్టదు, గోరుతో పొడిస్తే అసలే పట్టదు, గట్టిగా నొక్కిపెడితే ఇంకేదో తెరుచుకుంటుంది. ఓటీపీ వచ్చింది. అద్దాలు వెతుక్కొని, మెసేజ్ చూసి, క్యాలెండర్ మీద పెన్నుతో రాసుకొని తిరిగి వచ్చేసరికి "గడువు ముగిసింది" అని ఎర్రగా చూపించి, కొట్టినదంతా తుడిచేసి మొదటికి పంపింది. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. "ఫోన్ ఖరాబు చేసిన్నా బిడ్డా?" అని భయంభయంగా అడిగింది నన్ను. తప్పు ఆమెదా? ఆ తర్వాత ఏం కావాలన్నా ఫోన్ తీసుకెళ్లి చౌరస్తాలో షాపు పిల్లగాడి చేతిలో పెట్టేది, పిన్ కూడా చెప్పేసేది.

నా భయమంతా ఇక్కడే. సాయం చేసినవాడే డబ్బు తీసుకున్నాడని పాస్‌బుక్ పట్టుకొని ఏడ్చినవాళ్లను నేను కౌంటర్లో చూశాను.

ఓటీపీకి గడువు భద్రత కోసం, ఒప్పుకుంటా. కానీ కొట్టిన వివరాలు ఎందుకు పోవాలి? అవి ఉంచు. మెసేజ్‌లోంచి నంబరు దానంతట అదే పడేట్టు చెయ్యి. మిగతా చోట్ల టైం అయిపోయే ముందు "ఇంకాస్త సమయం కావాలా?" అని అడుగు, వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేట్టు ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ నియమాల్లో ఉన్నదే అది. వెనక్కి వెళ్లే బటన్ ప్రతి స్క్రీన్ మీదా ఒకే చోట ఉండాలి.

నీకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువ, అందుకే ముందే చెబుతున్నా, వాళ్లు తడబడితే "ఇటివ్వు, నేను చేస్తా" అని ఫోన్ గుంజుకోకు. ఏసీ ఆఫీసుకు పిలిచి కొత్త ఫోన్ ఇచ్చి కాదు, ఎనుమాముల మార్కెట్లో ఎండలో, వాళ్ల గీతలు పడ్డ ఫోన్ మీదే చూడు. బతుకమ్మకు ఎట్లాగూ వస్తావు, రెండు రోజులు ముందే రా, మా పెన్షనర్లందరినీ కలిపిస్తా. ముందు మాత్రం అమ్మమ్మ ఫోన్లో ఎక్కించు, నచ్చకపోతే ఆమె నీ మొహమ్మీదే చెబుతుంది.

నీ మేనమామ